యారాలూ నేనూ బదులు నాట్లూ

పెళ్లయి స్టేషన్ ఘన్‌పూర్ నుంచి లోపలికి ఉన్న ఆ ఊరికి కాపురానికి వచ్చేనాటికి నాకు నాటు వేయడం రాదు. హసన్‌పర్తిలో మా నాన్న ఉన్న కొద్ది పొలాన్ని కౌలుకిచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. నేను పెరిగింది ఉల్లిగడ్డ బస్తాల మధ్య, చదివింది ఇంటర్ దాకా. మడిలో దిగిన మొదటిరోజు నేను పెట్టిన నారు సాయంత్రానికి నీళ్ల మీద తేలింది. ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వకుండా తేలిన నారునంతా ఏరుకుని, నా వెనకే మళ్లీ నాటుకుంటూ వచ్చినామె మా ఆయన అన్న భార్య. మా దిక్కు తోటికోడల్ని యారాలు అంటారు. నేను ఆమెను అక్క అనే పిలిచాను.

అక్క తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడితే మాత్రం తగిలేలా మాట్లాడుతుంది. నాకేమో ముక్కు మీద కోపం. నవ్విన వాళ్ల మీద నేను ఒంటికాలి మీద లేస్తుంటే, "కోపం తర్వాత చేద్దువు గని చెల్లె, ముందుగాల నారు సక్కగ పట్టుకో" అంది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది.

బదులు అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. నాట్ల కాలంలో ఊళ్లో అందరికీ ఒకేసారి మనుషులు కావాలి. అందుకని ఈరోజు నీ పొలంలో నేను వంగుతాను, రేపు నా పొలంలో నువ్వు వంగుతావు. పైసలుండవు. మధ్యాహ్నం ఎవరి పొలమైతే వాళ్లింటి కూర అందరూ కలిసి తింటారు. మన పొలానికి వచ్చినామె పొలానికి మనం తిరిగి పోకపోవడం చిన్న తప్పు కాదు, వాళ్లింట్లో పెళ్లయితే మనల్ని పిలవరు కూడా. ఈ వ్యవహారమంతా ఆడవాళ్లదే. మగవాళ్లు దున్నుతారు, మడి చదును చేస్తారు, నీళ్లు పెడతారు. ఎవరు ఏ రోజు ఎవరి పొలానికి పోవాలన్నది వాళ్లకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఉండదు.

మా మామ పోయాక అన్నదమ్ములు పొలాన్ని చెరిసగం పంచుకున్నారు. బావిని పంచుకోవడానికి రాదు కాబట్టి అది ఉమ్మడిగా మిగిలింది. ఒకటే మోటరు, ఒకటే స్టార్టర్ డబ్బా. నీళ్లు ఒకరోజు వాళ్ల వంతు, ఒకరోజు మా వంతు. రెండు పొలాల మధ్య ఒక గెట్టు. గొడవంతా ఆ గెట్టుతోనే వచ్చింది. గడ్డి చెక్కుతున్నట్టు పార పట్టుకుని దిగి, ఎవరి వైపు నుంచి వాళ్లు గెట్టును కాస్త కాస్త కోసి పొలంలో కలుపుకోవడం మా ఊరి మగవాళ్లందరికీ తెలిసిన విద్య. అన్న అటునుంచి చెక్కాడు, తమ్ముడు ఇటునుంచి చెక్కాడు. చివరికి దాని మీద కుక్క నడవాలన్నా ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాల్సినంత సన్నబడింది. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి కోపం వచ్చింది, నువ్వు చెక్కావంటే నువ్వు చెక్కావని.

ముందు మాటలు ఆగిపోయాయి. తర్వాత రాకపోకలు. ఒకరోజు మా ఆయన కోపంలో అన్న మీదికి పార ఎత్తాడు. పక్క పొలం వాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. మా ఆయన చెడ్డవాడని రాస్తే నాకు సులువుగా ఉండేది, కానీ కాదు. నాకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చునేవాడు, బిడ్డ బడికి పోనని ఏడిస్తే తానూ కళ్లలో నీళ్లు పెట్టుకునేవాడు. మా బావా అంతే. నా పెళ్లిలో మా నాన్న చేతులు పట్టుకుని, మీ బిడ్డ మా ఇంట్లో ఇంకో చెల్లె అని చెప్పిన మనిషి. వాళ్లిద్దరినీ విడివిడిగా చూస్తే ఎవరికైనా ముద్దొస్తారు. గెట్టు దగ్గర కలిస్తే మాత్రం కళ్లు నెత్తికెక్కేవి.

పార ఎత్తిన రెండు మూడు రోజులకే మా పొలంలో నాటు పడింది. అక్క వస్తుందో రాదోనని నేను నారు కట్టలు పంచుతూ గెట్టు వైపే చూస్తున్నాను. వచ్చింది. వచ్చి నా పక్కనే వంగింది. బావ వద్దన్నాడట. బదులు తీర్చకపోతే నీ పొలంలో ఎవరు దిగుతారని అక్క అడిగితే నోరు మూసుకున్నాడట. కాసేపయ్యాక తల ఎత్తకుండా, చేతులు ఆపకుండా అంది.

"చెల్లె, వీళ్లిద్దరిని బాయికాడ ఎదురువడనియ్యద్దు. ఎదురువడితె ఇద్దర్ల ఒకలు పోతరు."

ఆమె గోరంతలు కొండంతలు చేసే మనిషి కాదు. అన్నదంటే జరుగుతుందనే నాకు అనిపించింది. ఆ రోజు బురదలో వంగి ఉన్నప్పుడే మేమిద్దరం అంతా అనుకున్నాం.

ఆనాటి నుంచి మోటరు పెట్టేది మేమే. మా ఆయనకు మోకాళ్ల నొప్పులని నేను ఊరంతా చాటాను. పాపం, ఆయనకే తెలియని నొప్పులు. పొద్దున్నే నేనే బావి దగ్గరికి పోయి స్టార్టర్ నొక్కి వచ్చేదాన్ని. అక్క బర్రెకు గడ్డి తెస్తానని చెప్పి తమ వంతు రోజు తాను వచ్చేది. కరెంటు పోయి వంతు చెడితే ఫోన్లో ఒక మాట అనుకుని సర్దుకునేవాళ్లం. మీకు సగం రోజు పోయింది కాబట్టి రేపు పొద్దటి నీళ్లు కూడా మీరే పెట్టుకోండి అని ఒకసారి నేను, ఇంకోసారి ఆమె. మగవాళ్లకు మాత్రం అవతలివాడు తగ్గాడనే చెప్పేవాళ్లం. ఇద్దరూ ఎవరికి వాళ్లు గెలిచామనుకుని మీసం దువ్వుకునేవారు. గెట్టు చెక్కే రోజులు వచ్చాయంటే బదులు కూడా అదే రోజుల్లో పెట్టించేవాళ్లం. మడి నిండా ఆడవాళ్లు వంగి ఉంటే, అందులో తన భార్య ఒక వైపు, వదినె గానీ మరదలు గానీ ఒక వైపు ఉంటే, ఏ మగవాడూ పార ఎత్తడు. ఎత్తడానికి చోటు కూడా ఉండదు.

ఇలా కొన్నేళ్లు గడిచాయి. బయటికి మామూలుగానే ఉండేది కానీ నేను ఒక్కరోజు కూడా నిశ్చింతగా లేను. అన్నం కలుపుతున్నప్పుడు కూడా చెవి బయటే ఉండేది. మా ఆయన చెప్పులు గుమ్మం దగ్గర కనిపించకపోతే వీధిలోకి వచ్చి చూసేదాన్ని. అక్కకూ అంతేనని ఆమె ముఖం చూస్తే తెలిసేది. ఇద్దరం కలిసినప్పుడు దీని గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. నారు సంగతి, బిడ్డల చదువు, కూరల్లో ఉప్పు, అవే మాటలు. నా కూరలో ఉప్పు ఎక్కువని ఆమె ప్రతిసారీ అనేది, గిన్నె ఖాళీ చేసి మరీ అనేది.

ఒక ఎండాకాలం సాయంత్రం అన్నదమ్ములు కల్లు దగ్గర కలిశారు. మేము బావి దగ్గర కాపలా కాసుకుంటున్నాం గానీ కల్లు దగ్గర కాయలేం కదా. మా ఆయన నుదురు చిట్లింది, బావ చెయ్యి వాచింది. తెల్లవారి ఊరి పెద్దమనుషులు ఇద్దరినీ పిలిచి, ఇక ఊరుకుంటే లాభం లేదు, పంచాయితీ పెట్టి ఒక దారి చేస్తామన్నారు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమైంది. ఈ బరువు ఇంకెవరైనా మోస్తారని అనుకున్నాను.

పంచాయితీ ఊరి బయట రైతు వేదికలో పెట్టారు. పెద్దమనుషులు కుర్చీల్లో, మిగతా మగవాళ్లు జంపఖానాల మీద కూర్చున్నారు. మేము తలుపు దగ్గర నిలబడ్డాం. మా సర్పంచ్ ఆడమనిషే, రిజర్వేషన్లో గెలిచింది. ఆమె కుర్చీలో ఆమె భర్త కూర్చున్నాడు, ఆమె మాతోపాటు తలుపు దగ్గర నిలబడింది. గెట్టు కొలిపించి హద్దు రాళ్లు పాతాలన్నారు, బాగుంది. నీళ్లు వారంలో ఏ రోజులు ఎవరివో కాగితం మీద రాయించారు, అదీ బాగుంది. ఆ తర్వాత అందరికంటే పెద్దాయన గొంతు సవరించుకుని, ఈ లొల్లికి అసలు మూలం రాకపోకలన్నాడు. ఈ ఇంటి మాట ఆ ఇంటికి, ఆ ఇంటి మాట ఈ ఇంటికి ఆడవాళ్లే మోస్తున్నారన్నాడు. కాబట్టి ఇక మీద ఒకరి పొలంలో ఒకరు అడుగు పెట్టకూడదు, ఆడవాళ్లు కూడా. బదుళ్లు బంద్.

జంపఖానా మీద కూర్చున్న వాళ్లంతా తలలూపారు. నిజమే నిజమే అన్నారు. ఏ ఒక్క పని వల్ల అన్నేళ్లు రక్తం పారకుండా ఆగిందో దాన్నే వెతికి పట్టుకున్నట్టు పట్టుకున్నారు. వాళ్లకు దురుద్దేశం లేదు. దగ్గరుంటే కొట్టుకుంటారు, దూరం పెడితే కొట్టుకోరు, వాళ్లకు తెలిసిన శాంతి అంతే. మేము చేసేది ఒక పని అని కూడా వాళ్లకు తెలియదు. మాకేదో ముచ్చట్ల పిచ్చి అనుకున్నారు.

మగవాళ్ల ముందు ఎప్పుడూ నోరు విప్పని అక్క అప్పుడు తలుపు దగ్గర నుంచే మాట్లాడింది.

"బదులు బంద్ పెట్టకుండ్రి. మేము పొలంల ఉంటెనే వీళ్లు ఊకుంటాండ్లు."

పెద్దాయన నవ్వాడు. కోప్పడి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు, చిన్నపిల్లను చూసి నవ్వినట్టు నవ్వాడు. "నాట్ల ఫికర్ ఎందుకమ్మా, ఇప్పుడు బీహారోళ్లు వస్తాండ్లు గద, వాళ్లు ఏత్తరు" అన్నాడు. బావ గట్టిగా అక్క పేరు పెట్టి పిలిచాడు, ఇక చాలన్నట్టు. నేను ఒక అడుగు లోపలికి వేశాను. మోటరు ఎవరు పెడుతున్నారో ఒకసారి అడగండని అన్నాను. ఆ మాట మా ఆయన చెవిన పడింది. నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. తన మోకాళ్ల నొప్పుల సంగతి అప్పుడే అర్థమైందనుకుంటాను. అన్నేళ్లు తనను మోసం చేశామని ఆ ముఖంలో ఉంది. అక్కడితో మా మాటకు ఉన్న కాస్త విలువా పోయింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు, చేతులు కలిపారు, ఒకాయన ఫోన్లో ఫొటో తీశాడు. అందరూ చాయ తాగారు. ఆ గ్లాసులు కడిగింది నేనూ అక్కా. కడుగుతూ కూడా ఏమీ మాట్లాడుకోలేదు. మాట్లాడితే మాటలు మోస్తున్నామంటారు.

వానాకాలం ఎలాగో గడిచింది. వానలు బాగా పడ్డాయి, బావి నిండింది, నీళ్ల కోసం కొట్లాడే పని పడలేదు. పంచాయితీ ఎంత బాగా చేశామో చూడండని పెద్దమనుషులు చెప్పుకున్నారు. మోటరు పెట్టడానికి మా ఆయనే పోయేవాడు. నన్ను పోనిచ్చేవాడు కాదు. చలికాలపు యాసంగి నాట్లకు బీహారు నుంచి వచ్చిన మగకూలీలు దిగారు. తాడు పట్టుకుని, పాటలు ఫోన్లో పెట్టుకుని చకచకా నాటి పోయారు. వాళ్ల పని బాగానే ఉంది, వాళ్ల మీద నాకేమీ లేదు. కానీ గెట్టుకు అటు అక్కా ఇటు నేనూ నిలబడి ఒకరినొకరం చూసుకున్నాం. అవతల ఒక మనిషి ఉండి కూడా పలకరించలేకపోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆమె చిక్కిపోయింది. నాకు గెట్టు దాటి పోయి చెయ్యి పట్టుకోవాలనిపించింది. హద్దు రాళ్లకు కొత్తగా సున్నం వేశారు.

పైరు పచ్చబడే సమయానికి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు వాళ్లు బాగు చేసి తెచ్చేదాకా ఊళ్లో బావుల మీది మోటర్లన్నీ ఆగాయి. మడులు నెర్రెలిచ్చాయి. కాగితంలో ఏ రోజు ఎవరి వంతో రాసి ఉంది గానీ కరెంటు లేకుండా పోయిన రోజులు ఎవరివో రాసి లేదు. ఇలాంటిది వస్తే సర్దేది మేమిద్దరమేనని కాగితం రాసిన వాళ్లెవరికీ తెలియదు. కరెంటు వచ్చిందని ఊళ్లో కేక వినపడగానే మా ఆయన పార భుజాన వేసుకుని బయల్దేరాడు. ఎండిన రోజుల్లో మొదటిది తనదే కాబట్టి నీళ్లు తనవేనన్నాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. నన్ను పక్కకు జరిపి పోయాడు. నేను అక్కకు ఫోన్ చేశాను. ఎత్తగానే, "ఈయన సుత పోయిండు చెల్లె" అంది. ఇద్దరం పరుగెత్తాం, ఆమె వాళ్లింటి నుంచి, నేను మా ఇంటి నుంచి.

నేనే ముందు చేరాను. మా ఆయన గెట్టు మీద కూర్చుని ఉన్నాడు, పార కామ చేతిలోనే ఉంది. బావ మా మడిలో బోర్లా పడి ఉన్నాడు. మోటరు నడుస్తోంది, నీళ్లు పైరులోకి పోతూనే ఉన్నాయి. ఒకరి చెయ్యి స్టార్టర్ మీద ఉండగానే ఇంకొకరు తోశారని, తర్వాత ఒక దెబ్బ, ఒకే దెబ్బ అని మా ఆయన తర్వాత చెప్పాడు. నేను బావను తిప్పి ముఖం మీది బురద కొంగుతో తుడిచాను. ఊపిరి ఉంది. అంతలో అక్క వచ్చింది. అరవలేదు. నా పక్కన మోకాళ్ల మీద కూలబడి ఆయన తల తన ఒళ్లోకి తీసుకుంది.

దారిన పోయే ట్రాక్టరాయన సాయం పట్టి రోడ్డు దాకా మోశాడు. నూట ఎనిమిది బండి వచ్చింది. అక్క ఎక్కింది. నేనూ ఎక్కబోతే కబురు విని వచ్చిన అక్క తమ్ముడు నా రెక్క పట్టి కిందికి గుంజాడు, మొగుడు చంపితే పెళ్లాం ఏడ్వ వస్తాందా అన్నాడు. అక్క నన్ను చూసింది. ఏదైనా అంటుందని చూశాను. తలుపు మూసేశారు. వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే కాజీపేట దాటకముందే బావ ప్రాణం పోయింది.

మా ఆయన్ని ఆ సాయంత్రమే తీసుకుపోయారు. నన్ను కూడా ఠాణాకు పిలిచి మాటలు రాసుకున్నారు. గొడవ ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైంది, ముందు ఎవరు కొట్టారు, ఇవే అడిగారు. నేను చెప్పాను. రాసుకునే ఆమె చిన్నవయసు కానిస్టేబుల్, నీళ్లు తెప్పించి తాగమంది, మంచిది. అన్నేళ్లు ఎందుకు జరగలేదని మాత్రం అడగలేదు. నాకు చెప్పాలని ఉండింది. మోటరు సంగతి, బదుళ్ల సంగతి మొదలుపెట్టాను కూడా. ఆమె కలం ఆగిపోయింది. ఇది కేసుకు అవసరం లేదమ్మా అంది. అవసరం లేదన్న మాట విని నాకు ఏడుపు ఆగలేదు, అంతకు ముందు కూడా అంత ఏడవలేదు.

దినాలు కూడా కాకముందే పోలీసులు మా ఊళ్లో శాంతి సమావేశం పెట్టారట. అప్పటికి నన్నూ బిడ్డనూ నాన్న వచ్చి హసన్‌పర్తి తీసుకుపోయాడు, ఇది నాకు మా సర్పంచ్ ఫోన్లో చెప్పింది. ఆడవాళ్లు ముందు వరసలో కూర్చోవాలని గట్టిగా చెప్పి కూర్చోబెట్టారట. శాంతిభద్రతల్లో మహిళలు ముందుండాలని ఒక సారు మాట్లాడితే అందరూ చప్పట్లు కొట్టారట. ఆ పెద్దాయనే మళ్లీ లేచి, రెండు ఇండ్ల మధ్య ఇక ఏ సంబంధమూ లేకుండా ఊరు చూసుకుంటుందని మాటిచ్చాడట. నువ్వేం మాట్లాడావని అడిగాను. నన్ను ఎవరు మాట్లాడనిచ్చారు, సారుకు దండ వేశాను అంది సర్పంచ్. ఆమె మీద కోప్పడదామనుకున్నాను గానీ ఆమె గొంతు వింటే కోపం రాలేదు.

హసన్‌పర్తిలో కొట్టు వెనక గదిలో ఉన్నాను. ములాఖత్‌కు పోతే మా ఆయన ఇనుప జాలీ అవతల నిలబడి, కొట్టాలని పోలేదు, కొట్టాలని పోలేదు అని అదే మాట అనేవాడు. ఆ మనిషిని చూస్తే కోపమూ జాలీ ఒకేసారి వచ్చేవి, ఏది ముందో నాకే తెలిసేది కాదు. అక్కకు ఫోన్ చేయాలని పొద్దస్తమానం అనుకునేదాన్ని. నంబరు నొక్కి ఆపేసేదాన్ని. ఏమని చెప్పాలి? మీ ఆయన పోయాడు, మా ఆయన ఉన్నాడు.

మళ్లీ వానలు పడ్డాయి. పొలం నాటు లేక పడావు పడితే జైల్లో ఉన్న మనిషికి, చదువుకునే బిడ్డకు ఏం పెట్టాలని నేను ఊరికి వచ్చేశాను. నాన్న వద్దన్నాడు. వచ్చాక తెలిసింది, అక్క పొలంలో నాటుకు మనుషులు దొరకడం లేదని. ఆ ఏడు బీహారు వాళ్లు ఆలస్యం చేశారు. ఊళ్లో ఆడవాళ్లు అక్క పొలానికి పోతే మా వైపు బంధువులకు కోపం, నా పొలానికి వస్తే వాళ్ల వైపు వాళ్లకు కోపం. పాత గుంపంతా చెదిరిపోయింది. ఇంట్లో కూర్చుని వింటే నారు ముదిరిపోతోందన్న మాటే చెవిన పడుతోంది.

పొద్దున్నే చీర ఎగ్గట్టి హద్దు రాయి దాటి అక్క పొలంలోకి దిగాను. అక్కా, ఆమె తల్లీ ఇద్దరే ఉన్నారు. ఆమె తల్లి నన్ను చూసి ఏదో అనబోయింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. నేను నారు కట్ట తీసుకుని వంగాను. అక్క ఇంకో కట్ట తీసుకుని నా పక్కన వంగింది. మమ్మల్ని చూసి రోడ్డు మీద ఒకరిద్దరు ఆగారు. కాసేపటికి పాత గుంపులో నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చి దిగారు, ఏమీ అడగకుండా. పెద్దమనుషులెవరూ రాలేదు. వచ్చి ఉంటే ఆ రోజు నా నోటికి బలయ్యేవాళ్లు. మధ్యాహ్నం అక్క తెచ్చిన పప్పు అందరం తిన్నాం. అక్క నాకు వడ్డించింది గానీ నా ముఖం చూడలేదు. ఆమె మెడ బోసిగా ఉంది. పెట్టిందంతా తిన్నాను.

సాయంత్రం కాలువలో కాళ్లు కడుక్కుంటున్నప్పుడు ఇద్దరమే ఉన్నాం. రేపు మా పొలం అని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకుండా ఉంటే బదులు కాదు, కూలి అవుతుంది. చివరికి చెప్పాను.

"రేపు మా పొలం అక్కా. ఆ మడిల మాత్రం నాటు ఎయ్య. పడావు పెడత."

అక్క మడమలకు అంటిన బురద రుద్దుతూ ఉంది.

"పడావు పెట్టకు" అంది. "పెడితె తొవ్వల పోయెటోళ్లందరు ఏలు పెట్టి సూపెడుతరు, గీడనే అని. నా కొడుకు, నీ బిడ్డ అది సూసుకుంటనె పెరుగుతరు. అన్ని మడులతోని పాటు నాటెయ్యి."

"నువ్వు రావా?"

"నేను రాను చెల్లె. ఆ బురదల నాకు కాలు పడది."

కొంగుతో చేతులు తుడుచుకుని, తల్లిని పిలుచుకుని వెళ్లిపోయింది. నేను పిలవలేదు. పిలిచే హక్కు నాకుందో లేదో తెలియలేదు.

మర్నాడు ముందురోజు వచ్చిన ఆడవాళ్లే మా పొలంలో దిగారు. ఆ మడి దగ్గరికి వచ్చేసరికి వాళ్లు పక్క మడికి జరిగారు. నేనూ రమ్మనలేదు, ఒక్కదాన్నే దిగాను. సగం నాటాక నడుము ఎత్తితే గెట్టు అవతల తన పొలంలో అక్క నిలబడి కనిపించింది. ఎప్పుడొచ్చిందో తెలియదు. నేను వరస వెంట వరస వెనక్కి నాటుకుంటూ వస్తుంటే చూస్తూ ఉంది. బావ పడిన చోటికి వచ్చాను. అక్క అటు తిరిగి నిలబడింది. నా కళ్లకు నారు కనపడడం లేదు, చేతులు మాత్రం నాటుతున్నాయి. అక్కడ ఆగలేదు. ఆగితే చూసేవాళ్లకు తెలిసిపోయేది, అక్కడేనని.